మద్దెల నిజంగానే ఓడైతే?

తెలుగులో పరీక్ష “పోతుంది”. గొడుగు పోయినట్టు, కరెంటు పోయినట్టు పరీక్ష కూడా దానంతటదే పోతుంది. పోగొట్టుకున్నవాడు వాక్యంలో ఎక్కడా కనబడడు. మార్కులు బాగా వచ్చినప్పుడు మాత్రం “తెచ్చుకున్నాడు” అంటాం. తక్కువైతే “వేశారు” అంటాం. తెచ్చుకున్నది మనవాడు, వేసింది పరాయివాడు. చదువు కొందరికి అబ్బుతుంది, కొందరికి అబ్బదు. లెక్కలు కొందరికి వస్తాయి, కొందరికి రావు. అవేవో పండక్కి పిలిచినా రాని చుట్టాలైనట్టు! హారోలో పుట్టి పెరిగి, అమ్మమ్మతో ఫోనులో నాలుగు తెలుగు ముక్కలు కూడబలుక్కునే మన పిల్లలు కూడా ఈ ఒక్క వ్యాకరణం మాత్రం క్షుణ్ణంగా నేర్చుకున్నారు. ఇంగ్లీషులో చెప్పినా వరస అదే. తొమ్మిది వస్తే తాము సంపాదించింది, ఐదు వస్తే ఎవరో ఇచ్చింది.

ఇది ఒక్క తెలుగువాళ్ళ జబ్బు కాదు. గెలుపు నా వల్ల, ఓటమి ఇంకొకరి వల్ల అనుకోవడం మనుషుల్లో ఎక్కడైనా కనిపించే సంగతేనని మనస్తత్వశాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దంగా చెబుతూనే ఉన్నారు. అంచేత మా తగాదా పిల్లలతో కాదు. వాళ్ళు తమ ఫలితాన్ని తాము ఉన్నదున్నట్టు చూసుకునే దారికి అడ్డంగా కూర్చున్న పెద్దలతో. మరీ ముఖ్యంగా, ఏటా ఫలితాల తరవాత మన సంఘం వేదిక మీద జరిగే విద్యార్థి సన్మానంతో. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న మేము కొందరం తల్లిదండ్రులం. మాలో డాక్టర్లున్నారు, కంప్యూటరు పనివాళ్ళున్నారు, ఇక్కడి బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు. కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాం.

ఆగస్టులో ఒక గురువారం ఎ లెవెల్ ఫలితాలు వస్తాయి. ఆ తరవాతి గురువారం జీసీఎస్ఈ. ఆ పది రోజులూ కెంటన్ నుంచి పిన్నరు దాకా మన ఇళ్ళలో ఫోన్లు చల్లారవు. “ఏమైందండీ మీ అమ్మాయి సంగతి?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబులు వింటుంటే మాకు ఒకటి తోచింది. ఎవరి పిల్లల గురించి మాట్లాడుతున్నామనేదాన్ని బట్టి కారణం మారిపోతుంది. మన పిల్లవాడికి మంచి మార్కులొస్తే తెలివి, ఎదుటివారి పిల్లవాడికి వస్తే ట్యూషన్లు. మనవాడికి తగ్గితే పేపరు కఠినం, ఎదుటివారివాడికి తగ్గితే “ఎప్పుడూ ఆ ఫోను పట్టుకునే ఉంటాడండీ.” ఒకే పేపరు, ఒకే బడి, ఒక్కోసారి ఒకే బెంచీ. ఇక ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య పంపకం అందరికీ తెలిసిందే. పాసయినవాడు మా అబ్బాయి, తప్పినవాడు మీ అబ్బాయి.

నవ్వుకుని వదిలేయవచ్చు. కాని ఈ మాటల్లో ఒకదాన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. మన ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా వినబడేదీ, మా దృష్టిలో అన్నిటికంటే చేటు చేసేదీ అదే. “మావాడికి బుర్ర లేక కాదండీ, చదవడు. కూర్చున్నాడా, వాణ్ణి పట్టేవాడు లేడు.”

తల్లీ తండ్రీ దీన్ని ప్రేమతోనే అంటారు. పిల్లవాడు మాత్రం దానిలోంచి ఏం గ్రహిస్తాడు? బుర్ర ఉందన్న పేరు ఇప్పటికే వచ్చింది. కూర్చుని చదివి, అప్పటికీ మార్కులు రాకపోతే ఆ పేరు పోతుంది. కూర్చోకపోతే పేరు పదిలం. చదవకుండా తప్పినవాడు తెలివైనవాడుగానే మిగులుతాడు. చదివి తప్పినవాడు మొద్దు. తన మర్యాద గురించి ఏ కాస్త లెక్క తెలిసిన పిల్లవాడైనా ఏది ఎంచుకుంటాడు? మన కాలేజీల్లో పరీక్ష రోజు పొద్దున హాలు ముందు నిలబడి “నేనేం చదవలేదురా” అని ఒకరితో ఒకరు చెప్పుకునే ఆచారం గుర్తుందా? రాత్రి రెండింటిదాకా చదివినవాడు కూడా అదే మాట. అది వినయం అనుకునేవాళ్ళం. అది బీమా.

1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే ఇద్దరు అమెరికను పరిశోధకులు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. విద్యార్థులకు కొన్ని ప్రశ్నలిచ్చారు. కొందరికిచ్చినవి అసలు జవాబే లేని ప్రశ్నలు. అయినా “చాలా బాగా చేశావు” అని మెచ్చుకున్నారు. తరవాత రెండో పరీక్షకు ముందు రెండు మందులు చూపించి ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి బుర్రను చురుకుచేసేది, ఇంకొకటి మందగింపచేసేది అని చెప్పారు. ఎందుకు మెప్పు వచ్చిందో తమకే తెలియని విద్యార్థుల్లో, అందులోనూ మగపిల్లల్లో, ఎక్కువమంది మందగింపచేసే మందునే కోరుకున్నారు. రెండోసారి తప్పితే చెప్పుకోవడానికి ఒక కారణం చేతిలో ఉంటుంది కదా. “వాడికి బుర్ర ఉంది” అని పదేపదే చెప్పించుకున్న కుర్రవాడు పరీక్ష నెలలో తెల్లవార్లూ వీడియో ఆటలాడుతుంటే, వాడు సోమరి అని మనం అనుకుంటాం. వాడు ఆ మందు మింగుతున్నాడని మా అనుమానం.

ఫలితాలకు మనుషులు చెప్పుకునే కారణాల మీద శాస్త్రీయంగా ఆలోచించినవారిలో బెర్నార్డ్ వైనర్ ముఖ్యుడు. ఆయన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. 1958లో ఫ్రిట్జ్ హైడర్ రాసిన పుస్తకాన్ని పునాది చేసుకుని, 1970లలో ఆయన ఈ కారణాలను నాలుగు గంపల్లోకి సర్దాడు. మన మాటల్లో చెప్పాలంటే బుర్ర, కష్టం, పేపరు, అదృష్టం. ఆయన చూపిన తెలివైన సంగతి ఈ నాలుగు పేర్లు కాదు, ఒక్కో కారణాన్ని అడగవలసిన ప్రశ్నలు. ఇది నా లోపల ఉన్నదా, బయట ఉన్నదా? వచ్చేసారికి మారేదా, మారనిదా? నా చేతిలో ఉన్నదా, లేనిదా? తప్పినవాడు మళ్ళీ పుస్తకం తెరుస్తాడా లేదా అనేది చాలావరకు ఈ ప్రశ్నలకు వాడు తనలో తాను చెప్పుకునే జవాబుల మీద ఆధారపడుతుందని వైనర్ వాదన. బుర్ర లోపలిదే గాని మారదనుకుంటాం. కష్టం లోపలిది, మారుతుంది, మన చేతిలో ఉంది. పేపరూ అదృష్టమూ బయటివి.

మన తెలుగిళ్ళలో ఐదో గంప ఒకటి ఉంది. తలరాత. అదృష్టమూ రాతా ఒకటే కదా అనుకుంటారు గాని కాదు. అదృష్టం ఇవాళ లేకపోతే రేపు రావచ్చు. లాటరీ టికెట్టు కొనేవాడు ఆ నమ్మకంతోనే కొంటాడు. రాత అలా కాదు, ఒకసారి రాశాక చెరగదు. పదహారేళ్ళ పిల్ల రసాయనశాస్త్రంలో తక్కువ తెచ్చుకుంటే “పోనీలే, దాని రాత” అని అమ్మమ్మ ఓదార్చబోతుంది. ఆ ఓదార్పులో ఎంత చల్లదనం ఉందో అంత తలుపు మూసేయడమూ ఉంది. అదే అమ్మమ్మల కాలంలో ఇంకో మాట కూడా ఉండేది. “మార్చి పోతే సెప్టెంబరు.” తప్పిన కుర్రాళ్ళను వేళాకోళం చేయడానికే పుట్టి ఉండవచ్చు, కాని ఆ మూడు మాటల్లో ఎంత ఆరోగ్యం ఉందో చూడండి. పోయింది, ఇంకొకటి ఉంది, తేదీ కూడా తెలుసు. మన పిల్లలకు రాతను అందించినంత శ్రద్ధగా సెప్టెంబరును అందించినవాళ్ళు తక్కువ.

ఇంతవరకు చదివిన కొందరు మిత్రులు తల ఊపుతూ ఉంటారని మాకు తెలుసు. “సరిగ్గా చెప్పారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పిల్లలు సాకులు చెబుతారు. సాకులు చెప్పనివ్వకూడదు.” దయచేసి ఆ తల ఊపడం ఆపండి. మేము అంటున్నది అది కాదు. మద్దెల నిజంగానే ఓడైన రోజులున్నాయి.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. జాబితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి సున్నా పడింది. పరీక్ష రాసినవారికి రానట్టు పడింది. ఆ తరవాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం విచారణకు త్రిసభ్య సంఘాన్ని వేసింది. తప్పినవారందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్ళీ పరిశీలించమంది. ఆ పరిశీలనలో వెయ్యిమందికి పైగా పాసయ్యారు. తప్పినవారు మొత్తం లక్షల్లో ఉన్నారు కాబట్టి ఆ వెయ్యి చిన్న సంఖ్యే అనేవారున్నారు. ఆ వెయ్యిలో ఒకరి ఇంటికి వెళ్ళి ఆ మాట అనమనండి. పోయిన పిల్లల మనసుల్లో ఏముందో చెప్పే అధికారం మాకు లేదు, చెప్పబోము కూడా. మేము అడిగేది ఒకటే. “జాబితా తప్పై ఉండవచ్చు, ఉండు, చూద్దాం” అనే మాట మొదటి గంటలోనే వినబడే ఇళ్ళు మనలో ఎన్ని?

అది అక్కడి అస్తవ్యస్తం, ఇక్కడ అలా జరగదు అనుకున్నవారికి మరుసటి ఏడే ఇక్కడ సమాధానం దొరికింది. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయ్యాయి. బడులు పంపిన అంచనా గ్రేడ్లను ఆఫ్‌క్వాల్ ఒక లెక్కల సూత్రంలో వేసి సవరించింది. ఆగస్టు 13న చూస్తే ఇంగ్లండులో ఎ లెవెల్ గ్రేడ్లలో సుమారు 40 శాతం, బడి ఇచ్చినదానికంటే దిగిపోయి ఉన్నాయి. ఒక బడిలో గత సంవత్సరాల ఫలితాలు ఎలా ఉన్నాయన్నది ఆ ఏటి పిల్లవాడి గ్రేడును నిర్ణయించింది. అంటే తాను ఎన్నడూ చూడని సీనియర్ల మార్కులకు జూనియరు జవాబుదారీ. దేశమంతా గోల చేసింది. నాలుగు రోజుల తరవాత, ఆగస్టు 17న, ఆ సూత్రాన్ని పక్కన పెట్టి బడుల అంచనాలే ఖాయం చేశారు. ఆ నాలుగు రోజుల్లో “నువ్వు సరిగా చదివి ఉంటే ఇలా అయ్యేదా?” అని అడిగిన తండ్రులు మన మధ్య ఉన్నారు. పరీక్షే రాయని పిల్లవాణ్ణి!

మామూలు సంవత్సరాల సంగతికొస్తే, 2018లో ఆఫ్‌క్వాలే ఒక నివేదిక ప్రకటించింది. సీనియరు పరీక్షకులు ఇచ్చే గ్రేడే విద్యార్థికి దక్కే అవకాశం లెక్కల్లో నూటికి 96 దాకా ఉందట. ఇంగ్లీషు భాషా సాహిత్యాలు కలిపిన పరీక్షలో అది 52. అంటే ఒకే వ్యాసం ఇద్దరి చేతుల్లో పడితే రెండు గ్రేడ్లు రావచ్చు. మన పిల్లల్లో అందరూ లెక్కలే ఎందుకు తీసుకుంటారో బహుశా ఇందులోనూ కొంత ఉంది.

ఇక డాక్టర్ల సంగతి. దీన్ని దాటిపోతే మా వ్యాసం అబద్ధమవుతుంది. కుటుంబ వైద్యులు కావడానికి రాయవలసిన ఎమ్మార్సీజీపీలో, రోగుల వేషం వేసిన నటులను పరీక్షించి చూపే భాగం ఒకటి ఉండేది. దాన్నే సీఎస్ఏ అనేవారు. విదేశాల్లో చదివి వచ్చినవారు అందులో తప్పడం చాలా ఎక్కువగా ఉండేది. మన తెలుగు డాక్టర్లు ఎందరు ఎన్నిసార్లు రాశారో హారో చుట్టుపక్కల వారికి చెప్పనక్కరలేదు. 2013లో అనీజ్ ఇస్మాయిల్, క్రిస్ రాబర్ట్స్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ ప్రచురించారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు. విదేశీ పట్టభద్రుల మాట అటుంచి, బ్రిటన్‌లోనే చదివిన శ్వేతేతర డాక్టర్లు కూడా మొదటి ప్రయత్నంలో తప్పే అవకాశం, ఇక్కడే చదివిన తెల్లవారికంటే మూడు రెట్లకు పైగా ఉందని, ఇతర తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, తేలింది. పక్షపాతం లేదని చెప్పలేమన్నారు. భారత సంతతి వైద్యుల సంఘం బాపియో కోర్టుకు వెళ్ళింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు న్యాయమూర్తి మిటింగ్ దావా కొట్టివేశాడు, పరీక్ష చట్టబద్ధమేనన్నాడు. కాని ఈ తేడాను తగ్గించడానికి కాలేజీ పూనుకోవలసిన సమయం వచ్చిందని కూడా చెప్పి, బాపియోకు నైతికంగా ఫలితం దక్కిందన్నాడు.

ఆ రోజుల్లో మన వైద్య మిత్రులు తమ ఓటమికి కారణం ఎక్కడ వెతికారు? పరీక్షలో. అంకెలు సేకరించారు, చందాలు వేసుకున్నారు, న్యాయవాదిని పెట్టుకున్నారు. మంచి పని చేశారు. అంతటితో ఊరుకోనూ లేదు. సాయంత్రాలు నలుగురు కలిసి ఒకరు రోగిగా ఒకరు డాక్టరుగా కూర్చుని, పది నిమిషాల గడియారం పెట్టుకుని సాధన చేశారు. ఇక్కడివారి మాట తీరు, ఊతపదాలు నేర్చుకున్నారు. అంటే బయటి కారణాన్నీ లోపలి కారణాన్నీ రెంటినీ చేతిలో పట్టుకున్నారు. ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధం కానక్కరలేదని వాళ్ళకు తెలుసు. మరి ఆ ఇళ్ళలోనే పదిహేనేళ్ళ పిల్ల “ఆ టీచరు నన్ను పట్టించుకోదు నాన్నా” అంటే, “సాకులు చెప్పకు” అనే మాట ఎక్కడినుంచి వస్తుంది? తండ్రికి హైకోర్టు, కూతురికి ఒక్క నిమిషం విచారణ కూడా లేదా?

అయితే మద్దెల ఓడో కాదో చూడాలంటే మద్దెల దగ్గరికి వెళ్ళాలి. మనవాళ్ళు వెళ్ళరు. ఊహల్లోనే తీర్పు అయిపోతుంది. యూకాస్‌కు బడి పంపిన అంచనా మూడు ఎ స్టార్లు, వచ్చింది రెండు ఎ, ఒక బి. “దిద్దడంలో అన్యాయం” అని నిర్ణయం. గిల్ వైనెస్ అనే ఆర్థికవేత్త 2016లో ఆ అంచనాలను నిజమైన ఫలితాలతో పోల్చి చూసింది. అంచనా సరిగ్గా కుదిరినవారు 16 శాతం. మూడొంతుల మందికి బడి ఎక్కువే రాసి పంపింది. మనం చూసి మురిసిపోయే ఆ కాగితం చాలాసార్లు ఉపాధ్యాయుల మంచితనం, అంతే. దాన్నుంచి తగ్గడం దొంగతనం కాదు.

ఇక్కడ చేయగలిగిన పని ఒకటుంది. దిద్దిన జవాబు పత్రం నకలు బడి ద్వారా బోర్డు నుంచి తెప్పించుకోవచ్చు. మళ్ళీ దిద్దించమనీ అడగవచ్చు. రుసుము ఉంటుంది, గ్రేడు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. మాలో బడిపంతుళ్ళు చెప్పేదేమిటంటే, కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న పదిహేను నిమిషాల్లో సంభాషణ మారిపోతుందట. “నాకు ఫిజిక్సు రాదు” అన్న పిల్లకు, నిజానికి తనకు ఫిజిక్సు వచ్చుననీ, ఆరు మార్కుల ప్రశ్నలు నాలుగింటిలో రెండేసి వాక్యాలు రాసి వదిలేసిందనీ కళ్ళకు కనబడుతుంది. బుర్ర, రాత, టీచరు, దిష్టి అన్నీ ఆ కాగితం ముందు కొంచెం చిన్నవవుతాయి. ఒక్కోసారి దిద్దినవారి తప్పూ కనబడుతుంది. అప్పుడు పోరాడండి.

ఓటమి మీద ఇంత చెప్పాం. గెలుపుకు మనం చెప్పే కారణాలు ఇంకా నాసిరకం. సన్మానసభ చూడండి. పది తొమ్మిదులు తెచ్చుకున్న పిల్లను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మైకు మూతికి పెట్టి “నీ విజయ రహస్యం ఏమిటమ్మా?” అంటారు. ఆ పిల్ల ఏమనాలి? అమ్మానాన్నల ఆశీస్సులు, గురువుల దయ, దేవుడి కృప. సభా మర్యాద తెలిసిన పిల్ల, అలాగే అంటుంది. చప్పట్లు. వక్త ఒకరు లేచి, లెక్కలు తెలుగువాడి రక్తంలోనే ఉన్నాయని సెలవిస్తారు. మళ్ళీ చప్పట్లు. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో వెనకబడి, ఏడాదిపాటు రోజూ తాను చేసిన తప్పుల్ని వేరే పుస్తకంలో రాసుకుని, వారానికోసారి అవే మళ్ళీ చేసుకుంటూ వచ్చిన సంగతి చెప్పే చోటు ఆ మైకులో లేదు. ముందు వరసలో కూర్చున్న పన్నెండేళ్ళవాడికి పనికొచ్చేది అదొక్కటే.

రక్తం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాం. ఈ దేశానికి వచ్చిన తెలుగువాళ్ళం ఎవరం? ఆసుపత్రులు డాక్టర్లు కావాలంటే వచ్చినవాళ్ళం, కంపెనీలు ఇంజినీర్లు కావాలంటే వచ్చినవాళ్ళం. వీసా అనే జల్లెడలో పడి ఇటు చేరినవాళ్ళం. పుస్తకాలున్న ఇల్లు, చదువుకున్న తల్లి, ట్యూషనుకు డబ్బు, లెక్క అర్థం కాకపోతే చెప్పే తండ్రి మన పిల్లలకు పుట్టుకతో దొరికాయి. హారోలో ప్రభుత్వ గ్రామర్ స్కూలు లేదు. అయినా మనవాళ్ళు పిల్లల్ని బార్నెట్‌కూ స్లౌకూ బకింగ్‌హాంషైరుకూ తీసుకెళ్ళి పదేళ్ళకే పోటీ పరీక్ష రాయిస్తారు. దానికి ముందు రెండేళ్ళు శనివారాలన్నీ అమ్ముకుంటారు. ఇదంతా చేసి, సీటొచ్చాక “పుట్టుకతోనే చురుకు” అంటే ఎలా? అదే రక్తం, అదే ఇంటిపేరు ఉన్న మన దాయాదుల పిల్లలు ఊళ్ళో ఏటా సప్లిమెంటరీకి ఫీజు కట్టడం లేదా? పుట్టుక మాట నమ్మిన పిల్లకు సీటు రాని రోజున, పదేళ్ళ వయసులో, ఆ పుట్టుకే లేదని తేలిపోతుంది.

క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధన ఈ శాలువాల ముందు చదవవలసింది. పదేళ్ళ చుట్టుపక్కల పిల్లలు ఒక సమస్యల పత్రం బాగా చేశాక, కొందరిని “తెలివైనవాడివి” అని, కొందరిని “బాగా కష్టపడ్డావు” అని మెచ్చుకున్నారు. తరవాత కఠినమైన పత్రం ఇచ్చారు. అందరికీ దెబ్బ తగిలింది. తెలివిని మెచ్చించుకున్నవారు ఆ మీదట ఇచ్చిన సులభమైన పత్రంలో కూడా దిగజారారు. కష్టాన్ని మెచ్చించుకున్నవారు మెరుగయ్యారు. తమ మార్కులను వేరే బడి పిల్లలకు రాసి చెప్పమంటే, తెలివిగలవాళ్ళుగా పేరుపడ్డవారిలోనే ఎక్కువమంది పెంచి రాశారు. ఆగస్టు ఫోన్లు మళ్ళీ గుర్తుకొస్తున్నాయి.

ఇది చదివి రేపటినుంచి “కష్టపడ్డావు, కష్టపడ్డావు” అని జపం మొదలుపెట్టినా లాభం లేదు. ఇంగ్లండులో సుమారు 100 ప్రాథమిక పాఠశాలల్లో ఈ ధోరణిని పాఠాలుగా పెట్టి పరీక్షించారు. 2019లో వెలువడిన నివేదిక ప్రకారం మార్కుల్లో తేడా ఏమీ కనబడలేదు. మాకు అది ఆశ్చర్యం కాదు. గోడమీద సూక్తి అతికిస్తే లెక్క రాదు. పైగా తప్పుడు పద్ధతిలో రాత్రింబగళ్ళు కష్టపడ్డ పిల్లకు “ఇంకా కష్టపడాల్సింది” అని చెప్పడం అంత క్రూరం ఇంకొకటి లేదు. కష్టం అనే గంపలో ఎంతసేపు అనేది ఒక్కటే వేస్తున్నాం. ఎలా అనేది కూడా వేయాలి.

మన కొండమీది బడి సంగతి చెప్పి ముందుకు పోతాం. హారో స్కూలు పిల్లలిద్దరు తమ పరీక్షల గురించి తామే రాసుకున్నారు. చర్చిల్ సైనిక ప్రాథమిక పరీక్షకు ముందు రాత్రి దేశాల పేర్లు టోపీలో వేసి ఒకటి తీశాడట. న్యూజీలాండు వచ్చింది. దాని పటమే కంఠస్థం చేశాడు. మర్నాడు మొదటి ప్రశ్న అదే. శాండ్‌హర్స్ట్‌కు మాత్రం మూడోసారికి గాని పాసవలేదు. అదృష్టాన్ని అదృష్టమని ఒప్పుకోవడానికి ఆయనకు నామోషీ కలగలేదు. నెహ్రూ 1905లో ఇక్కడ చేరి, కేంబ్రిడ్జికి వెళ్ళి, 1910లో రెండో తరగతిలో పట్టా పుచ్చుకుని, తన చదువు ఓ మోస్తరుదేనని రాసుకున్నాడు. వీళ్ళకంటే మాకు నచ్చినది ఈ ఊళ్ళోనే చదువుకున్న ఇంకొక కుర్రవాడి వివరణ. గాంధీ లండన్ మెట్రిక్యులేషన్ మొదటిసారి రాసి లాటిన్‌లో తప్పాడు. ఆత్మకథలో ఆ సంగతి చెప్పిన తీరు చూడండి. వ్యవధి చాలలేదు. విచారం కలిగింది గాని లాటిన్ మీద రుచి పుట్టింది. రసాయనశాస్త్రం ప్రయోగాలు లేక పట్టుబడలేదు, కనుక దాని బదులు ఉష్ణమూ కాంతీ తీసుకున్నాడు. మళ్ళీ రాసి పాసయ్యాడు. బుర్ర ఊసు లేదు, రాత ఊసు లేదు, పరీక్షకుణ్ణి తిట్టడం లేదు. ఏది మార్చాలో అది మార్చాడు. ఆయనను పూజించేవారు ఆ పేజీ కూడా చదివితే బావుండును.

సన్మానానికి రాని పిల్లల గురించి ఎవరైనా అడిగారా? సెప్టెంబరునుంచి వాళ్ళు ఉగాదికి రారు, దీపావళికి రారు. “ప్రాజెక్టు వర్కు ఉందండీ” అని తల్లి చెబుతుంది. ఈ దేశంలో ఎ లెవెల్ మళ్ళీ రాయాలంటే వచ్చే వేసవిదాకా ఆగాలి. ఆ ఏడాది పొడుగునా పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు, మన సంఘం మాత్రం వాడికి బయటే. పద్దెనిమిదేళ్ళవాడికి తెలుగు అంటే మార్కులు అడిగే భాష అయిపోయింది.

అంచేత కార్యవర్గానికి మేము రాతపూర్వకంగా ఇచ్చిన ప్రతిపాదన ఇది. సన్మానం దరఖాస్తులో గ్రేడ్ల గడులు తీసేయాలి. వేదిక మీద రహస్యాలు అడగడం మానాలి. ఆ సాయంత్రం ఖర్చుతోనే సెప్టెంబరులో ఒక శనివారం హాలు తీసుకుని బల్లలు వేద్దాం. పిల్లలు తమ జవాబు పత్రాల నకళ్ళు తెచ్చుకుంటారు. మనలో ఉన్న ఉపాధ్యాయులు పక్కన కూర్చుని చూస్తారు. బాగా వచ్చినవారూ, రానివారూ. తల్లిదండ్రులు పక్క గదిలో కాఫీ తాగవచ్చు, లోపలికి రానివ్వం. రెండోసారి రాసి గట్టెక్కిన పెద్దలు, ఎమ్మార్సీజీపీ అయినా మన పాత సెప్టెంబరు పరీక్షలైనా సరే, ముగ్గురు నలుగురు వచ్చి ఏం మార్చి రాశారో చెబితే ఇంకా మంచిది. ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

సర్వసభ్య సమావేశంలో ఇది చర్చకు వస్తుంది. ఈ ఏడు షీల్డులకు ఆర్డరు ఇచ్చేశామని ఒక కార్యవర్గ సభ్యులు మాతో అన్నారు. ఇస్తే ఇచ్చారు, సంక్రాంతి ముగ్గుల పోటీకి పనికొస్తాయి.